ముఖ్యమంత్రి పాఠం ఎలా చెబుతున్నారు: హనుమకొండలో ఒక పాలిటీ శిక్షణ తరగతిపై సమీక్ష

హనుమకొండలో నయీంనగర్ నుంచి కిషన్‌పుర దాకా పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలు వరుసగా కనిపిస్తాయి. వాటిలో ఒక కేంద్రం, ఉద్యోగం చేసుకుంటూ గ్రూప్-1, గ్రూప్-2 పరీక్షలకు చదివేవారి కోసం శని, ఆదివారాల్లో భారత రాజ్యాంగం, పాలన అనే కోర్సు నడుపుతోంది. పరకాల వైపు ఒక గ్రామంలో పంచాయతీ కార్యదర్శిగా పనిచేస్తూ నేను ఆ కోర్సు పూర్తి చేశాను. ఈ సమీక్షలో కోర్సు మొత్తాన్నీ తడమడం లేదు. రాష్ట్ర కార్యనిర్వాహక వర్గం అనే విభాగాన్ని, అందులోనూ ముఖ్యమంత్రి పదవి గురించి చెప్పిన పాఠాలను మాత్రమే పరిశీలిస్తున్నాను. పాలిటీ చెప్పే అధ్యాపకుడి సత్తా తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి అధ్యాయం లేదని నా అభిప్రాయం. ముఖ్యమంత్రి గురించి రాజ్యాంగంలో నేరుగా ఉన్న వాక్యాలు చాలా కొద్ది. 163, 164, 167 అధికరణలు చదివితే దాదాపు అయిపోయినట్టే. ఆ కొద్ది వాక్యాల మీద డెబ్బై అయిదేళ్లుగా పేరుకున్న ఆచరణ, తీర్పులు, సంక్షోభాలు మాత్రం చాలా పెద్దవి. వాక్యాలను వల్లె వేయించి వదిలేసే అధ్యాపకుడెవరో, వాటి వెనుక ఉన్న పాలనను చూపించే అధ్యాపకుడెవరో ఇక్కడే తేలిపోతుంది. కేంద్రం ఇచ్చే మెటీరియల్‌లో నాకు కనిపించిన లోపాలను కూడా రాస్తున్నందువల్ల దాని పేరు రాయడం లేదు. ఏ కేంద్రంలో చేరబోయేవారైనా ఏమేమి చూసుకోవాలో తెలిస్తే చాలు.

ముందుగా తరగతి గది పాఠాల గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ కోర్సు బలమంతా అక్కడే ఉంది. అధ్యాపకుడు ముఖ్యమంత్రి అధికారాల జాబితాతో మొదలుపెట్టలేదు. 164వ అధికరణలోని మొదటి వాక్యాన్ని బోర్డు మీద రాసి, ముఖ్యమంత్రిని గవర్నర్ నియమిస్తారనీ, మిగతా మంత్రులను ముఖ్యమంత్రి సలహాపై గవర్నర్ నియమిస్తారనీ చదివించి, ఈ వాక్యంలో ఏమి లేదో చెప్పమని అడిగారు. ఎవరిని నియమించాలో లేదు. ఎంత మంది సభ్యుల మద్దతు ఉండాలో లేదు. నియామకానికి ముందే సభలో బలం నిరూపించుకోవాలని కూడా లేదు. ఆ ఖాళీని నింపేది, మంత్రిమండలి శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించాలని చెప్పే 164(2) అని ఆయన వివరించినప్పుడు, సభ విశ్వాసం ఉన్నవారినే గవర్నర్ పిలవాలనే సంప్రదాయం ఎక్కడి నుంచి పుట్టిందో తరగతికి స్పష్టంగా అర్థమైంది. ఇక్కడ 'సమష్టిగా' అంటే శాసనసభకే గానీ శాసనమండలికి కాదనే విషయాన్ని కూడా ఆయన దాటవేయలేదు. మన రాష్ట్రంలో 40 మంది సభ్యులతో మండలి ఉంది. మండలిలో ఓడిపోయినంత మాత్రాన ప్రభుత్వం పడిపోదు.

సభ్యుడు కానివారు మంత్రి కావచ్చా అనే ప్రశ్నకు ఆయన ఎంచుకున్న ఉదాహరణ మా వరంగల్‌దే కావడం నాకు చాలా నచ్చింది. 2015 జనవరి 25న ఉప ముఖ్యమంత్రి తాటికొండ రాజయ్యను మంత్రివర్గం నుంచి తొలగించి, అప్పటికి వరంగల్ లోక్‌సభ సభ్యుడిగా ఉన్న కడియం శ్రీహరిని ఆ స్థానంలోకి తీసుకున్నారు. శ్రీహరి ఆ రోజు రాష్ట్ర శాసనసభలోగానీ మండలిలోగానీ సభ్యుడు కాదు. 164(4) ప్రకారం ఆరు నెలల్లోగా ఏదో ఒక సభకు ఎన్నిక కావాలి. ఆయన ఆ గడువులోగానే మండలికి ఎన్నికై, లోక్‌సభ స్థానాన్ని వదులుకున్నారు. ఆ ఖాళీ కారణంగానే 2015 నవంబరులో వరంగల్ లోక్‌సభ స్థానానికి ఉప ఎన్నిక వచ్చింది. ఆ ఉప ఎన్నికలో ఓటు వేసినవారు మా తరగతిలో చాలామంది ఉన్నారు. ఉప ఎన్నిక ఎందుకు వచ్చిందో రాజ్యాంగంలోని ఒక ఉపనిబంధనతో ముడిపెట్టి ఎవరూ ఇంతవరకు తమకు చెప్పలేదని వారు అన్నారు. ఈ ఒక్క ఉదంతంలోనే మంత్రిని తొలగించే అధికారం, ఆరు నెలల నిబంధన, ఒకేసారి రెండు చట్టసభల్లో కొనసాగకూడదనే నియమం, ఉప ముఖ్యమంత్రి అనే హోదాకు రాజ్యాంగంలో ప్రత్యేక స్థానం లేకపోవడం అనే నాలుగు అంశాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

ఆరు నెలల నిబంధన దగ్గర ఆయన మరికొంతసేపు ఆగారు. అది అవసరం కూడా. పంజాబ్‌లో తేజ్ ప్రకాశ్ సింగ్ ఎన్నిక కాకుండానే ఆరు నెలలు మంత్రిగా ఉండి, అదే శాసనసభ కాలంలో మళ్లీ మంత్రిగా ప్రమాణం చేస్తే, అలా రెండోసారి నియమించడం చెల్లదని సుప్రీంకోర్టు 2001లో తీర్పు ఇచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో, శిక్ష పడిన కారణంగా ఎన్నికల్లో పోటీకే అనర్హురాలైన జయలలితను ముఖ్యమంత్రిగా నియమించడం చెల్లదని మరో తీర్పు వచ్చింది. ఈ రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చెప్పడం వల్ల, ఆరు నెలల వెసులుబాటు ఎన్నికకు అర్హత ఉండి ఇంకా ఎన్నిక కానివారికే గానీ, అర్హతే లేనివారికి కాదనే తేడా తేటతెల్లమైంది. గ్రూప్-1 మెయిన్స్ రాసేవారికి ఈ తేడా మార్కులు తెచ్చిపెడుతుంది. అంతకంటే ముఖ్యంగా, ముఖ్యమంత్రి పదవి ప్రజలు వేసిన ఓటుతో మొదలైనా, ఆ ఓటు ఒక్కదానితోనే నిలవదని, రాజ్యాంగం విధించిన అర్హత కూడా దానికి తోడుగా ఉండాలని ఇది నేర్పుతుంది.

మంత్రివర్గ పరిమాణం మీద చెప్పిన పాఠం నాకు అన్నింటికంటే ఎక్కువగా గుర్తుండిపోయింది. 2003 నాటి 91వ సవరణ ప్రకారం ముఖ్యమంత్రితో కలిపి మంత్రుల సంఖ్య శాసనసభ మొత్తం సభ్యుల్లో 15 శాతం మించకూడదు. అలాగే 12కు తగ్గకూడదు. చాలా పుస్తకాలు ఈ రెండు అంకెలు చెప్పి ముందుకు పోతాయి. ఆయన మాత్రం తెలంగాణ లెక్కను బోర్డు మీద వేయించారు. మన శాసనసభలో ఎన్నికయ్యే స్థానాలు 119. 2020 జనవరి దాకా ఆంగ్లో ఇండియన్ వర్గం నుంచి నామినేట్ అయ్యే ఒక సభ్యుడితో కలిపి 120. 120లో 15 శాతం సరిగ్గా 18. 104వ సవరణతో ఆ నామినేషన్ ఆగిపోయాక 119 మిగిలింది. దానిలో 15 శాతం 17.85. అయినా ఆచరణలో మన రాష్ట్రంలో గరిష్ఠ సంఖ్యను 18గానే పరిగణిస్తున్నారు. తర్వాత ఆయన 2018 డిసెంబరుకు వెళ్లారు. ఆ నెల 13న కె. చంద్రశేఖర్ రావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసినప్పుడు ఆయనతోపాటు ప్రమాణం చేసిన మంత్రి మహమూద్ అలీ ఒక్కరే. 2019 ఫిబ్రవరి 19న మరో పది మంది చేరే దాకా, అంటే రెండు నెలలకు పైగా, రాష్ట్ర మంత్రిమండలి ఇద్దరితోనే నడిచింది. పది మంది చేరగానే సంఖ్య సరిగ్గా 12 అయింది. అదే ఏడాది సెప్టెంబరు 8న ఆరుగురు చేరడంతో 18 నిండింది. 2023 డిసెంబరు 7న ఎ. రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసినప్పుడు పదకొండు మంది మంత్రులు ఆయనతో కలిసి ప్రమాణం చేశారు. అంటే మొదటి రోజునే 12.

కనీస సంఖ్యను రాజ్యాంగం చెప్పినప్పుడు ఇద్దరితో నడిచిన మంత్రిమండలి నిర్ణయాల సంగతేమిటనే ప్రశ్నను ఆయన విద్యార్థులకే వదిలి, ఇరువైపులా వాదించమన్నారు. ఒకరు అక్షరార్థాన్ని పట్టుకున్నారు. మరొకరు ఆ నిబంధనకు నిర్దిష్ట గడువేదీ లేదని, ఏర్పాటు క్రమంగా జరగవచ్చని అన్నారు. ఇలాంటి చర్చ ఎక్కువ శిక్షణ తరగతుల్లో దొరకదు. పరీక్షలో బిట్టుగా వచ్చేది '15 శాతం', '12' అనే అంకెలే కావచ్చు. మంత్రివర్గాన్ని ఎప్పుడు, ఎంత మందితో, ఏ జిల్లాలకు చోటిచ్చి ఏర్పాటు చేయాలనే నిర్ణయం మొత్తం ముఖ్యమంత్రి చేతిలో ఉంటుందని, ఆ పదవికి ఉన్న అసలైన పట్టు అక్కడే ఉందని ఈ చర్చతో అర్థమవుతుంది.

మంత్రుల తొలగింపు విషయంలో 2021 మే నెలలో హుజూరాబాద్ శాసనసభ్యుడు ఈటల రాజేందర్‌ను మంత్రివర్గం నుంచి తప్పించిన ఉదంతాన్ని చెప్పారు. ముఖ్యమంత్రి సిఫారసు చేయడం, గవర్నర్ ఆమోదించడం ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. 'గవర్నర్ ఇష్టం ఉన్నంతవరకు మంత్రులు పదవిలో ఉంటారు' అనే 164(1) మాటకు ఆచరణలో అర్థం 'ముఖ్యమంత్రి విశ్వాసం ఉన్నంతవరకు' అని ఆయన ఒక్క వాక్యంలో తేల్చారు. ఇది సరైన వివరణ.

గవర్నర్‌తో సంబంధం మీద రెండు తరగతులు కేటాయించారు. ఎక్కువ చెప్పడం తప్పు కాదు గానీ, ఇక్కడ క్రమం కొంత తప్పింది. 163వ అధికరణ, మంత్రిమండలి సలహా మేరకే గవర్నర్ నడుచుకోవాలని 1974లో శంషేర్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పిన తీర్పు, సభలోనే బలపరీక్ష జరగాలని 1994లో బొమ్మై కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పిన తీర్పు, అన్నీ వచ్చాయి. వాటి మధ్యలో రావలసిన 1984 ఆంధ్రప్రదేశ్ సంక్షోభం చివరికి, అదీ హడావుడిగా వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని తొలగించి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశారు. మెజారిటీ సభ్యులు తనతోనే ఉన్నారని రామారావు వారిని ఢిల్లీకి తీసుకెళ్లి రాష్ట్రపతి ముందు నిలబెట్టారు. గవర్నర్ మారారు. సెప్టెంబరు 16న రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. సభ్యులను రాజ్‌భవన్‌లోనో రాష్ట్రపతి భవన్‌లోనో లెక్కించడం కాదు, సభలోనే లెక్కించాలని బొమ్మై తీర్పు ఎందుకు అంత గట్టిగా చెప్పవలసి వచ్చిందో తెలుగువారికి ఈ నెల రోజుల కథ కంటే బాగా చెప్పే ఉదాహరణ మరొకటి లేదు. ఈ ఉదంతాన్ని ముందు చెప్పి తీర్పును తర్వాత చెప్పి ఉంటే పాఠానికి నిండుదనం వచ్చేది.

163వ అధికరణను, రాష్ట్రపతికి మంత్రిమండలి ఇచ్చే సలహా గురించి చెప్పే 74వ అధికరణతో పోల్చి చెప్పడం మాత్రం చాలా మేలైన పని. రాష్ట్రపతి మంత్రిమండలి సలహాను ఒకసారి పునఃపరిశీలనకు పంపవచ్చని, తిరిగి వచ్చిన సలహాకు కట్టుబడాలని 44వ సవరణ స్పష్టంగా చేర్చింది. గవర్నర్ విషయంలో అలాంటి వాక్యం లేదు. పైగా రాజ్యాంగం గవర్నర్‌కు కొంత విచక్షణను పేర్కొంటోంది. ముఖ్యమంత్రికి, గవర్నర్‌కు మధ్య తగాదాలు ప్రధానికి, రాష్ట్రపతికి మధ్య కంటే ఎక్కువగా ఎందుకు వస్తాయో ఈ తేడాతో సగం అర్థమవుతుంది. బిల్లులపై గవర్నర్ సమ్మతి గురించి తెలంగాణ ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు వెళ్లిన సంగతిని, 'సాధ్యమైనంత త్వరగా' అనే మాటకు రాజ్యాంగపరమైన బరువు ఉందని 2023 ఏప్రిల్‌లో కోర్టు వ్యాఖ్యానించిన సంగతిని కూడా చెప్పారు. రాష్ట్రపతి పంపిన ప్రశ్నలపై సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2025 నవంబరు 20న ఇచ్చిన అభిప్రాయం ఈ అధ్యాయంలో తప్పకుండా ఉండాలి. గవర్నర్లకు కోర్టులు గడువులు విధించలేవని, గడువు దాటితే సమ్మతి లభించినట్టే అనే భావన చెల్లదని, అయితే అంతూ పొంతూ లేకుండా బిల్లును ఆపి ఉంచడం కూడా కుదరదని ఆ అభిప్రాయం చెప్పింది. తాము ఆమోదింపజేసుకున్న బిల్లు చట్టం కావడంలో ముఖ్యమంత్రి శక్తి ఎక్కడ ఆగిపోతుందో దీనితో తెలుస్తుంది.

పాములపర్తి వెంకట నరసింహారావు ఉదంతాన్ని ఈ కోర్సులో ఒక వాక్యంతో సరిపెట్టారు. హనుమకొండలో కూర్చుని ముఖ్యమంత్రి పదవి గురించి చెప్పేవారు ఇలా చేయడం సరికాదని నా గట్టి అభిప్రాయం. ఆయన నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టి, ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉన్న వంగరలో పెరిగి, మంథని నుంచి శాసనసభకు ఎన్నికైన నాయకుడు. 1971 సెప్టెంబరు 30న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. 1972 ఎన్నికల్లో ఆయన కాంగ్రెస్ పార్టీకి శాసనసభలో మూడింట రెండు వంతులకు పైగా స్థానాలు వచ్చాయి. భూపరిమితి సంస్కరణలకు పూనుకున్నారు. తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాలను స్థానికులకు కేటాయించే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వడంతో కోస్తా, రాయలసీమల్లో ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం చెలరేగింది. 1973 జనవరిలో ఆయన రాజీనామా చేశారు. రాష్ట్రపతి పాలన వచ్చి, ఆ ఏడాది డిసెంబరులో జలగం వెంగళరావు ముఖ్యమంత్రి అయ్యే దాకా కొనసాగింది. శాసనసభలో అంత ఆధిక్యం ఉన్న ముఖ్యమంత్రి ఎందుకు నిలవలేకపోయారు? రాజ్యాంగం శాసనసభ విశ్వాసం గురించి మాత్రమే చెబుతుంది. ఆచరణలో ముఖ్యమంత్రికి పార్టీ అధిష్ఠానం విశ్వాసం, రాష్ట్రంలోని అన్ని ప్రాంతాల సమ్మతి కూడా కావాలి. 1978 నుంచి 1983 జనవరి దాకా ఒకే పార్టీ పాలనలో చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కర రెడ్డి అని నలుగురు ముఖ్యమంత్రులు మారడాన్ని కూడా ఇదే వెలుగులో చూడాలి. ఈ నలుగురిలో ఎవరినీ శాసనసభ అవిశ్వాస తీర్మానంతో దించలేదు. ఈ భాగానికి ఒక పూర్తి తరగతి ఇచ్చి ఉంటే, పార్టీ వ్యవస్థకు ముఖ్యమంత్రి పదవికి మధ్య ఉన్న లంకె విద్యార్థుల మనసులో నాటుకునేది.

ఇక మెటీరియల్. తరగతి గదిలో ఇంత శ్రద్ధ చూపే కేంద్రం అచ్చు మెటీరియల్ విషయంలో ఇంత అశ్రద్ధగా ఉండడం బాధ కలిగించింది. గిరిజన సంక్షేమ మంత్రి తప్పనిసరిగా ఉండవలసిన రాష్ట్రాల జాబితాలో ఇంకా బిహార్ పేరు ఉంది. 2006 నాటి 94వ సవరణతో బిహార్‌ను తొలగించి ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్‌లను చేర్చారు. మధ్యప్రదేశ్, ఒడిశా కొనసాగాయి. జీఎస్టీ మండలిలో ముఖ్యమంత్రులు సభ్యులని ఒక చోట అచ్చయింది. నిజానికి రాష్ట్రం తరఫున ఆర్థిక మంత్రి గానీ, పన్నుల శాఖ మంత్రి గానీ, ప్రభుత్వం నామినేట్ చేసిన మరో మంత్రి గానీ అందులో ఉంటారు. ముఖ్యమంత్రి సభ్యుడిగా ఉండేది నీతి ఆయోగ్ పాలక మండలి, దక్షిణ ప్రాంతీయ మండలి, అంతర్ రాష్ట్ర మండలి వంటి వాటిలో. 2025 ఆగస్టు 20న లోక్‌సభలో ప్రవేశపెట్టిన 130వ రాజ్యాంగ సవరణ బిల్లు ప్రస్తావనే లేదు. అయిదేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరారోపణపై వరుసగా ముప్పై రోజులు నిర్బంధంలో ఉన్న ముఖ్యమంత్రి పదవి కోల్పోవాలని ఆ బిల్లు ప్రతిపాదిస్తోంది. దాన్ని సంయుక్త సంఘానికి పంపారు. పరీక్షల్లో వర్తమాన అంశాలను రాజ్యాంగంతో కలిపి అడగడం మామూలే కనుక ఇది చేర్చవలసిన విషయం. అధ్యాపకుడు నోటితో సరిదిద్దిన తప్పులను మెటీరియల్‌లో కూడా సరిదిద్దాలి. తరగతికి రాలేకపోయిన విద్యార్థి చేతిలో మిగిలేది ఆ కాగితమే.

టెస్ట్ సిరీస్ కూడా మెటీరియల్ దారిలోనే నడిచింది. గ్రూప్-2 రెండో పేపర్‌లో రాజ్యాంగం, రాజకీయాలకు 50 మార్కులు ఉంటాయి. ఓఎంఆర్ పద్ధతికి అలవాటు చేయడం అవసరమే. కానీ ముఖ్యమంత్రి అధ్యాయం మీద పెట్టిన పరీక్షలో ఎక్కువ బిట్లు అధికరణల సంఖ్యల మీద, ప్రమాణ స్వీకార తేదీల మీద ఉన్నాయి. తరగతిలో అంత చక్కగా జరిగిన చర్చల్లోంచి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. గ్రూప్-1 మెయిన్స్ కోసం జవాబులు రాసి ఇస్తే దిద్ది ఇచ్చారు. మార్కులు వేశారు, మార్కు ఎందుకు తగ్గిందో రాయలేదు. జవాబు పత్రం అంచున రెండు మాటల వ్యాఖ్య ఉన్నా రాసినవారికి ఎంతో మేలు జరిగేది.

నా ఉద్యోగం కారణంగా నేను ఎక్కువగా ఆశించిన భాగం, ముఖ్యమంత్రి నిర్ణయం గ్రామానికి ఎలా చేరుతుందనేది. నా దగ్గరికి వచ్చే రైతులు, పింఛను కోసం తిరిగే పెద్దవాళ్లు చాలాసార్లు ఒకే మాట అంటారు: "సీఎం సారు చెప్పిండు గద, ఇంకేం అడ్డం ఉన్నది సారూ?" వారి ప్రశ్న సమంజసమైనది. దానికి జవాబు 166వ అధికరణలో, దాని కింద చేసిన ప్రభుత్వ కార్య నిర్వహణ నియమాల్లో, శాఖల ఫైళ్లలో, ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి నుంచి కలెక్టర్ మీదుగా మండల పరిషత్ అభివృద్ధి అధికారి దాకా సాగే వరుసలో ఉంది. సభావేదిక మీద ముఖ్యమంత్రి చెప్పిన మాట మంత్రివర్గ నిర్ణయంగా, నిధుల కేటాయింపుగా, ఉత్తర్వుగా, మార్గదర్శకాలుగా మారాకే నా లాంటివారి బల్ల మీదికి వస్తుంది. కోర్సులో ఈ భాగం లేదు. ముఖ్యమంత్రి సహాయ నిధి ఏమిటో, అది బడ్జెట్ కేటాయింపు కాక విరాళాలతో నడిచే నిధి ఎందుకైందో కూడా చెప్పలేదు. ఆసుపత్రి బిల్లులు పట్టుకుని శాసనసభ్యుడి ఇంటికి తిరిగిన కుటుంబాలు ప్రతి ఊరిలో ఉన్న ప్రాంతం మాది.

దీనికి తగిన ఉదాహరణ కోసం అధ్యాపకుడు దూరం వెళ్లవలసిన పని లేదు. 2016లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ ఉంది. కొత్త జిల్లాలు ముఖ్యమంత్రి సంకల్పంగానే మొదలయ్యాయి. అయినా 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం ప్రకారం ఆగస్టు 22న ముసాయిదా ప్రకటన ఇవ్వవలసి వచ్చింది, అభ్యంతరాల కోసం ముప్పై రోజుల గడువు ఇవ్వవలసి వచ్చింది. ముసాయిదాలో జనగామ జిల్లా లేదు. అక్కడ ప్రజలు ఉద్యమించారు. అక్టోబరు 11న 31 జిల్లాలు ఏర్పడినప్పుడు సిరిసిల్ల, గద్వాల, ఆసిఫాబాద్‌లతోపాటు జనగామ కూడా జిల్లా అయింది. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండగా, వరంగల్ రూరల్ జిల్లా వరంగల్‌గా పేర్లు మార్చుకున్నాయి. ఒక ముఖ్యమంత్రి నిర్ణయం చట్టం గుండా, ప్రకటన గుండా, ప్రజల ఒత్తిడి గుండా సాగి ఎలా రూపం మార్చుకుంటుందో దీనికంటే వివరంగా చూపే ఉదాహరణ ఉత్తర తెలంగాణ విద్యార్థికి దొరకదు. ఈ తరగతిలో కూర్చున్నవారిలో సగం మంది పాత వరంగల్, కరీంనగర్ జిల్లాలు విడిపోయినప్పుడు తమ ధ్రువపత్రాల మీద జిల్లా పేరు మారడం చూసినవారే.

వసతుల విషయం క్లుప్తంగా చెబుతాను. గది గాలి, వెలుతురు ఉన్నదే. వెనుక వరుసల దాకా గొంతు వినబడుతుంది. బల్లలు ఇరుకుగా ఉన్నాయి, మూడు గంటలు కూర్చుని రాయడం కష్టం. ఫీజు ఉద్యోగులకు భారం కాదు. నిరుద్యోగ అభ్యర్థులకు రెండు వాయిదాల్లో కట్టే వీలు ఇచ్చారు. తరగతులు మొత్తం తెలుగులోనే సాగాయి. ఇంగ్లిష్ మాధ్యమం అభ్యర్థులు కొంత ఇబ్బంది పడ్డారు గానీ, విడిగా అడిగితే అధ్యాపకుడు వివరించారు. విద్యార్థులను 'అమ్మా', 'బాబూ' అని కాక, వయసుతో నిమిత్తం లేకుండా 'మీరు' అని సంబోధించడం, అడిగిన ప్రశ్నను ఒక్కసారి కూడా చిన్నబుచ్చకపోవడం నేను గౌరవంతో చెప్పదలచుకున్న విషయం.

గ్రూప్-1 మెయిన్స్‌కు సిద్ధమయ్యేవారికి ఈ తరగతులను నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను, అయితే జవాబుల దిద్దుబాటు కోసం వేరే ఏర్పాటు చూసుకోవాలి. గ్రూప్-2 అభ్యర్థులు తరగతి నోట్స్‌ను నమ్ముకుని, అచ్చు మెటీరియల్‌ను రాజ్యాంగ ప్రతితో సరిచూసుకుంటే మంచిది. తక్కువ సమయంలో బిట్లు మాత్రమే చదవాలనుకునేవారికి ఇది తగినది కాదు. చర్చలకు పోయే సమయం వారికి వృథాగా తోస్తుంది. డబ్బు కట్టే ముందు డెమో క్లాసుకు కూర్చోనిస్తారు. వీలైతే గవర్నర్, ముఖ్యమంత్రి సంబంధాల పాఠం జరిగే వారాన్ని అడిగి తెలుసుకుని వెళ్లండి, అధ్యాపకుడి పద్ధతి మీకు సరిపడుతుందో లేదో అక్కడే తెలుస్తుంది. మెటీరియల్ కొత్త ముద్రణ వచ్చిందా అని, వస్తే అందులో 94వ సవరణ తర్వాతి జాబితా ఉందా అని కౌంటరులోనే తెరిచి చూడండి. పెద్దపల్లి, మంచిర్యాల వైపు నుంచి వచ్చేవారు కాగజ్‌నగర్, సికింద్రాబాద్ మధ్య నడిచే రైళ్లలో కాజీపేటలో దిగితే అక్కడి నుంచి హనుమకొండకు షేర్ ఆటోలు దొరుకుతాయి. ఆదివారం తరగతి సాయంత్రానికి ముగుస్తుంది కనుక తిరుగు ప్రయాణానికి ఇబ్బంది ఉండదు.